తోబుట్టువు నగలతో మొదలై వరంగల్ కోట దాకా
ఖిలాషాపూర్ పాపన్న జీవితం

రఘునాథపల్లి : హైదరాబాదులో నారాయణగూడ దాటి, చిక్కడపల్లి మీదుగా ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కు పోయే దారిలో మన జిల్లా పిల్లలు చాలామంది కనిపిస్తారు. ఉద్యోగ పరీక్షలకు చదువుకునేందుకు అశోక్‌నగర్ ఇరుకు గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉంటూ, పగలంతా చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో పుస్తకాల ముందు కూర్చుంటారు. వారికున్న వినోదమల్లా క్రాస్‌రోడ్స్‌లోని సినిమా హాళ్ళే. మొన్న ఈ విలేఖరి మన మండలానికి చెందిన ఒక కుర్రాడి గదికి వెళ్ళినప్పుడు అక్కడ పెద్ద వాదన జరుగుతున్నది. దొంగ కథానాయకుడైతే సినిమా ఎందుకు ఆడుతుందన్నది మొదటి మాట. అది పెరిగి పెరిగి ఖిలాషాపూర్ పాపన్న మీదికి వచ్చింది. పాపన్న దొంగా, రాజా అని ఆ గదిలో రెండు పార్టీలు ఏర్పడ్డాయి.

దొంగ సినిమాలు మన జనానికి కొత్త కాదు. 1955లో అక్కినేని నాగేశ్వరరావు నటించిన దొంగ రాముడు వచ్చింది. 1990లో చిరంజీవి కొండవీటి దొంగ వచ్చింది. స్టువర్టుపురానికి చెందిన నిజమైన దొంగ పేరుతోనే 2023లో రవితేజ టైగర్ నాగేశ్వరరావు వచ్చింది. ఈ సినిమాలలో దొంగకు ఎప్పుడూ ఒక మంచి కారణం ఉంటుంది. దొంగ రాముడు చెల్లెలి చదువు కోసం దొంగతనానికి దిగుతాడు. మన పాపన్న కథ అందుకు సరిగ్గా తలకిందులు. మొగలాయి చరిత్రకారుడు రాసినదే నిజమైతే పాపన్న మొదట దోచుకున్నది తన తోబుట్టువునే.

ఆ పిల్లల వాదన తీర్చడానికి కాకపోయినా, మన జిల్లా మనిషి కథ మన పాఠకులకు ఉన్నది ఉన్నట్లు తెలియాలని, లైబ్రరీలో దొరికిన పుస్తకాలు చూసి, ఊళ్ళలో పాడుకునే కథలు విని ఈ వివరాలు సేకరించడం జరిగింది.

పాపన్న గురించి మనకు రెండు వైపుల నుంచి సమాచారం అందుతున్నది. ఒకటి ఖాఫీ ఖాన్ అనే మొగలాయి చరిత్రకారుడు పారశీక భాషలో రాసిన చరిత్ర. ఆయన సర్కారు పక్షం మనిషి. పాపన్న అంటే ఆయనకు అసహ్యం. పేరు కూడా సరిగా రాయడు, పాప్రా అని రాస్తాడు. రెండవది జనం పాడుకునే కథ. బాయిల్ అనే ఇంగ్లీషు దొర 1874లోనే ఈ కథాగేయాన్ని అచ్చు వేయించాడు. తరువాత 1980లో రిచర్డ్స్ అనే అమెరికన్ చరిత్రకారుడు, మన వెల్చేరు నారాయణరావు కలిసి ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒక వ్యాసం రాశారు. 2005లో రిచర్డ్ ఈటన్ అనే పండితుడు దక్కను చరిత్రకు ఎనిమిది మంది జీవితాలను ఎంచుకుంటే, రాజులు, మంత్రుల నడుమ మన పాపన్నకూ ఒక అధ్యాయం దక్కింది. మన ఊరి గీత కార్మికుడి బిడ్డ గురించి అమెరికాలో కూర్చుని పుస్తకం రాస్తే, పక్క ఊరి వాళ్ళమైన మనకు అందులో ఉన్నదేమిటో తెలియకపోవడం కొంచెం సిగ్గుపడవలసిన సంగతే.

పాపన్న కాలం ఎలాంటిదో ముందు చెప్పుకోవాలి. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలల పాటు ముట్టడి వేసి గోల్కొండను పట్టుకున్నాడు. తానీషాను దౌలతాబాదు కోటలో బందీగా పెట్టాడు. రాజ్యం పోయింది గాని దాని స్థానంలో కొత్త పాలన కుదురుకోలేదు. పాత జమీందార్లు కొందరు మొగలాయిలతో కలిశారు, కొందరు ఎదురు తిరిగారు. బాటల మీద భయం పెరిగింది. శిస్తు మాత్రం ఆగలేదు. అదను చూసి ఎవరి గుట్ట మీద వారు గడీ కట్టుకునే రోజులవి.

జనం చెప్పుకునే ప్రకారం పాపన్న పుట్టింది 1650 ఆగస్టు 18న. ఆ తేదీనే నేడు ప్రభుత్వం కూడా జయంతిగా జరుపుతున్నది. తల్లి సర్వమ్మ. తండ్రి చిన్నతనంలోనే పోయాడు. పసులు కాసే వయసులో చెట్టు కింద నిద్రపోతే నాగుపాము పడగ పట్టిందని, అది చూసి తల్లి భయపడిందని కథలో వస్తుంది. ఇలాంటి పడగ కథ చాలామంది రాజులకు ఉంది కనుక దాని జోలికి పోనక్కరలేదు. కాని ఆ తరువాత వచ్చే ఘట్టం మాత్రం ముఖ్యమైనది. కొడుకు పెద్దవాడయ్యాడు, మోకు ముత్తాదు తీసుకుని కులవృత్తి చేసుకోమని తల్లి చెబుతుంది. తాటిచెట్టు మెడ కోస్తే వచ్చేదెంత, కొడితే గోల్కొండనే కొట్టాలి అని కొడుకు జవాబిస్తాడు. ఊళ్ళో కథ చెప్పేవాళ్ళు ఈ చోటికి వచ్చేసరికి డప్పు జోరు పెంచుతారు. వినేవాళ్ళూ ముందుకు జరిగి కూర్చుంటారు. చెట్టెక్కేవాడి కొడుకు చెట్టే ఎక్కాలన్న కట్టడిని కాదన్నందుకే ఈ పాట మూడు వందల ఏళ్ళు బతికిందని చెప్పవచ్చు.

అతని వెంట చేరిన వారి పేర్లు కూడా పాటలో ఉన్నాయి. చాకలి సర్వన్న, మంగలి మాసన్న, కుమ్మరి గోవిందు, దూదేకుల పీరు, కొత్వాలు మీర్ సాహెబు, హసన్, హుస్సేన్ ఇలా సాగుతుంది. ఊళ్ళో తలా ఒక వాడ నుంచి మనిషి వచ్చినట్లు ఉంటుంది ఆ జాబితా. హిందూ ముస్లిం తేడా కనిపించదు. అందువల్ల పాపన్న చేసింది మతపోరాటమని ఎవరైనా చెబితే అది ఆ పాటకే విరుద్ధం.

ఇక ఖాఫీ ఖాన్ చెప్పే ఆరంభం వేరు. పాపన్నకు ధనవంతురాలైన ఒక తోబుట్టువు ఉండేది. ఆమె భర్త చనిపోయాడు. 1690ల చివరలో పాపన్న కొందరిని వెంటేసుకుని ఆమె ఇంటి మీద పడి, కొట్టి, డబ్బూ నగలూ దోచుకుపోయాడు. ఆ సొమ్ముతో తాటికొండ గుట్ట మీద మోటుగా ఒక కోట కట్టుకున్నాడు. మనుషులను చేర్చుకున్నాడు. వరంగల్, హైదరాబాదు నడుమ బాట మీద పోయే వర్తకులను కొట్టడం మొదలుపెట్టాడు. జనం కథలో ఈ తోబుట్టువు ఊసే రాదు. అక్కడ కొడుకు తల్లి దాచుకున్న సొమ్ము కోసం గొడవ పడతాడు. శత్రువు రాసిన రాతలో ఎంత నిజమో, అభిమానులు పాడిన పాటలో ఎంత మరుగుపడిందో నిర్ణయించడం కష్టమే. అయినా ఇంటి సొమ్ముతోనే దండు మొదలైందన్న మాట రెండింటిలోనూ ఉంది. ఆ తోబుట్టువు పేరేమిటో ఖాఫీ ఖాన్ రాయలేదు.

బాట దోపిడీ ఎక్కువ రోజులు సాగలేదు. చుట్టుపక్కల ఫౌజుదార్లు, జమీందార్లు కలిసి తరిమారు. పాపన్న నూరు మైళ్ళకు పైగా దూరంలో ఉన్న కౌలాసుకు పారిపోయాడు. ఇది నేటి కామారెడ్డి జిల్లాలో ఉంది. అక్కడి జమీందారు వెంకటరావు దగ్గర జమాదారుగా కొలువులో చేరాడు. ఇంత జరిగాక మనిషి బుద్ధిగా ఉంటాడనుకుంటాం. ఉండలేదు. జమీందారు జీతం తింటూనే మళ్ళీ బాటసారులను దోచడం మొదలుపెట్టాడు. సంగతి తెలిసి వెంకటరావు పట్టుకుని జైల్లో వేశాడు.

అక్కడితో కథ ముగిసిపోవలసింది. కాని కొన్ని నెలలకు వెంకటరావు కొడుక్కు జబ్బు చేసింది. ఖైదీలను వదిలిపెడితే ఆ పుణ్యంతో బిడ్డ కోలుకుంటాడని నమ్మి జమీందారు భార్య జైలు తలుపులు తీయించింది. అందరితో పాటు పాపన్న కూడా బయటపడ్డాడు. బిడ్డకు ఏమైందో గాని, ఆ తల్లి మొక్కు మాత్రం మొగలాయి సర్కారుకు పదేళ్ళ తలనొప్పి తెచ్చిపెట్టింది. సినిమాలో ఇలాంటి మలుపు పెడితే మనం నమ్మం.

విడుదలైన పాపన్న తిన్నగా షాపూరుకు వచ్చాడు. అదే నేటి మన ఖిలాషాపూర్. తనలాంటివాడే అయిన సర్వ అనే మనిషి తోడయ్యాడు. ఇద్దరూ కలిసి కోట కట్టారు. ఈసారి దోపిడీలు పెద్దయెత్తున సాగాయి. బాటసారుల సొమ్మే కాక, కలవారి ఆడవాళ్ళను కూడా ఎత్తుకుపోయారని ఖాఫీ ఖాన్ రాశాడు. ఫిర్యాదులు ఔరంగజేబు దాకా వెళ్ళాయి. హైదరాబాదు డిప్యూటీ సుబేదారు రుస్తుందిల్ ఖాన్ మీద ఒత్తిడి వచ్చింది. ఆయన కొలనుపాక ఫౌజుదారు ఖాసిం ఖాన్‌ను పంపాడు. షాపూరు దగ్గర జరిగిన పోరులో ఖాసిం ఖాన్ చనిపోయాడు. ఒక ఫౌజుదారునే చంపిన తరువాత పాపన్నను ఉత్త బాటదొంగ అనుకోవడానికి వీల్లేకపోయింది.

అప్పుడు రుస్తుందిల్ ఖాన్ తానే దండెత్తి వచ్చాడు. రెండు నెలలు ముట్టడి సాగింది. పాపన్న, సర్వ తప్పించుకున్నారు. ఖాళీ కోటను మందుగుండు పెట్టి పేల్చివేసి సైన్యం వెళ్ళిపోయింది. సైన్యం అటు పోగానే వీళ్ళు ఇటు వచ్చారు. కూలినచోటే రాతితో, సున్నంతో మరింత గట్టి కోట కట్టి ఫిరంగులు పెట్టారు. ఈ రోజు మనం ఖిలాషాపూర్‌లో చూసే బురుజులను చూస్తే ఎంత శ్రమ పడ్డారో తెలుస్తుంది. అంత రాయి ఎవరు మోశారు, వాళ్ళకు కూలి ముట్టిందా అని మనబోటి వాళ్ళకు అనుమానం వస్తుంది గాని చరిత్రకారులు దాన్ని రాయరు.

ఈ నడుమ సర్వకు, పుర్దిల్ ఖాన్ అనే మరో అనుచరుడికి తగవు వచ్చింది. ఇద్దరూ కత్తులు దూసి ద్వంద్వయుద్ధానికి దిగారు. ఇద్దరూ పోయారు. దాంతో షాపూరులో పాపన్న మాటకు ఎదురు లేకుండా పోయింది. రుస్తుందిల్ ఖాన్ మరొకసారి సైన్యంతో వచ్చాడు. పాపన్న లంచం ముట్టజెప్పాడు, సుబేదారు వెనక్కి తిరిగాడు. దొంగను పట్టవలసిన వాడు దొంగ సొమ్ములో వాటా తీసుకుని ఇంటికి పోవడం ఆ రోజుల్లో కూడా జరిగేదన్నమాట.

1707లో ఔరంగజేబు చనిపోయాడు. కొడుకుల మధ్య సింహాసనం కోసం యుద్ధం వచ్చింది. చిన్న కొడుకు కాంబక్షు హైదరాబాదులో తానే పాదుషానని ప్రకటించుకున్నాడు. రుస్తుందిల్ ఖాన్‌ను చంపించాడు. హైదరాబాదులో ఎవరి మాట చెల్లుతుందో ఎవరికీ తెలియదు. పాపన్న ఇలాంటి అదను కోసమే చూస్తున్నాడు.

1708 మార్చి 31 రాత్రి. తెల్లవారితే మొహర్రం పదో రోజు. వరంగల్‌లో జనమంతా పీరీల పండుగ హడావిడిలో ఉన్నారు. కోటగోడల మీద కాపలా పలచగా ఉంది. పాపన్న రెండు మూడు వేల కాల్బలంతో, నాలుగైదు వందల గుర్రాలతో వచ్చి గోడల కింద నక్కాడు. కొందరు బాటలను కట్టేశారు. కొందరు తాళ్ళు విసిరి గోడలెక్కారు. తెల్లవారేసరికి వరంగల్ పాపన్న చేతిలో ఉంది. మూడు రోజులు పట్నాన్ని దోచారు. కాకతీయుల కోట, తివాచీలకు పేరుబడ్డ పట్నం, ఒక గీత కులస్థుని చేతికి మూడు రోజులు చిక్కింది. పాట వినేవారికి ఇది పండుగ ఘట్టం. ఆ మూడు రోజులు వరంగల్‌లో ఇల్లూ వాకిలీ ఉన్నవాళ్ళకు ఎలా గడిచిందో కూడా ఒక్కమారు ఆలోచించాలి.

ఎందుకంటే పాపన్న సొమ్ముతో పాటు మనుషులను కూడా పట్టుకుపోయాడు. కలవారిళ్ళ ఆడవాళ్ళు, పిల్లలు చాలామంది షాపూరు కోటలో బందీలయ్యారు. వారిలో వరంగల్ ఖాజీ భార్య, ఆయన చిన్న కూతురు కూడా ఉన్నారు. ఆ పసిపిల్లను ఆటపాటలు నేర్పించే వారికి అప్పగించారని ఖాఫీ ఖాన్ రాశాడు. ఈ మాటలు రాసినవాడు శత్రువే. అయినా ఖాజీ కుటుంబం బందీగా ఉండడం, దాని మీద తరువాత పాదుషా దగ్గర గోల జరగడం అబద్ధం కావడానికి ఆస్కారం తక్కువ. పాపన్నను తలుచుకునే సభల్లో ఈ సంగతి ఎవరూ ఎత్తరు. ఎత్తితే పాపన్న గొప్ప తగ్గుతుందని భయం కాబోలు. తగ్గవలసినంత తగ్గితే తప్పేమిటని ఈ విలేఖరి అభిప్రాయం.

వరంగల్ సొమ్ముతో పాపన్న దశ తిరిగింది. మంచి తుపాకులు కొన్నాడు. రెండు గొట్టాల తుపాకులే ఏడు వందలు ఉండేవట. పల్లకీలో తిరగసాగాడు. చుట్టూ కావలి మనుషులు, వెనుక రాచమర్యాదలు. అన్నిటికన్నా విచిత్రమైనది మరొకటి ఉంది. ధాన్యం మోసుకుపోయే బంజారా వర్తకులను అటకాయించి పదీ పన్నెండు వేల ఎద్దులను పట్టుకున్నాడు. వాటిని అమ్ముకోలేదు, కోసుకు తినలేదు. తన పొలాల్లో నాగళ్ళకు కట్టించాడు. దొంగసొమ్ముతో దుక్కి దున్నించిన దొంగ మరొకడు కనపడడు. రైతులైన మన పాఠకులకు దాని అర్థం వివరించనక్కరలేదు. దున్నిన భూమిలో పంట రావాలంటే మనిషి ఆరు నెలలు అక్కడే ఉండాలి. అంటే పాపన్న ఇక పారిపోయే దొంగగా ఉండదలచుకోలేదు. పాలించే దొరగా నిలవాలనుకున్నాడు. ఎద్దులు పోగొట్టుకున్న బంజారాలు ఏమైపోయారో తెలియదు.

జూన్ 1న భువనగిరి మీద పడ్డాడు. అది కూడా పండుగ పూటే, ప్రవక్త జన్మదినం. కాని భువనగిరి ఏకశిల వరంగల్ గోడలాంటిది కాదు. పైకోట చిక్కలేదు. కింద పట్నంలో దొరికిన సొమ్ముతో, బందీలతో తిరిగి వచ్చాడు. గోల్కొండను కూడా పాపన్న జయించి ఏలాడని మన ఊళ్ళలో గట్టిగా చెప్పుకుంటారు. చరిత్రకారుల పుస్తకాల్లో మాత్రం అది కనపడదు. వరంగల్, భువనగిరులు పట్టడమే ఒక గౌడన్నకు తక్కువేమీ కాదు.

ఇక పాపన్న జీవితంలో అన్నిటికన్నా పెద్ద రోజు వచ్చింది. కొత్త పాదుషా బహదూర్ షా పెద్ద సైన్యంతో హైదరాబాదుకు వచ్చి 1709 జనవరిలో తమ్ముడు కాంబక్షును ఓడించాడు. కాంబక్షు గాయాలతో చనిపోయాడు. పాదుషా దర్బారు తీర్చాడు. చుట్టుపక్కల రాజులూ జమీందార్లూ నజరానాలతో వచ్చి వంగి సలాములు చేస్తున్నారు. ఆ వరుసలో పాపన్న కూడా వెళ్ళి నిలబడ్డాడు. పద్నాలుగు లక్షల రూపాయల కానుక, సైన్యానికి తిండిగింజలూ సామానులూ సమర్పించాడు. అలసిన సైన్యానికి తిండి ఇచ్చేవాడు ఏ పాదుషాకైనా ముద్దే. బహదూర్ షా పాపన్నకు ఖిల్లతు ఇచ్చి గౌరవించాడు. ఖిల్లతు అంటే రాచమర్యాదకు గుర్తుగా పాదుషా కప్పే వస్త్రం. ఏ సర్కారు ఫౌజులు పదేళ్ళుగా తరుముతున్నాయో ఆ సర్కారు పాదుషానే తన చేతులతో పాపన్నకు పట్టువస్త్రం ఇప్పించాడు.

అక్కడే పాపన్న లెక్క తప్పింది. దర్బారులో పెద్దలు గగ్గోలు పెట్టారు. కల్లు గీసేవాడికి, దోపిడీదొంగకు రాజులతో సమంగా ఖిల్లతు ఏమిటన్నారు. షా ఇనాయత్ అనే మతపెద్ద ముందుండి కొందరు పెద్దమనుషులతో పాదుషాను కలిశారు. తమ ఇళ్ళ ఆడపిల్లలు ఇంకా షాపూరు కోటలో ఉన్నారని మొరపెట్టుకున్నారు. వారిలో కొందరికి కడుపుమంట కులం గురించి, కొందరికి పోయిన బిడ్డల గురించి. రెండూ కలిసి ఒకే అర్జీ అయ్యాయి. పాదుషా కాదనలేకపోయాడు. పాపన్నను అణచే పని కొత్త సుబేదారు యూసుఫ్ ఖాన్‌కు అప్పగించాడు. ఆయన దిలావర్ ఖాన్‌ను ముందుగా పంపాడు.

ఆ సమయానికి పాపన్న షాపూరులో లేడు. ఒక జమీందారు గడీని ముట్టడించి ఉన్నాడు. ఈలోగా ఇంట్లోనే నిప్పంటుకుంది. పాపన్న తన బావమరిదిని కూడా షాపూరు జైల్లో పెట్టాడు. ఆయన సర్కారు పక్షాన ఫౌజుదారు. అన్నంలో దాచిన ఆకురాళ్ళు ఆయనకు జైల్లో అందాయి. బావమరిది సంకెళ్ళు కోసుకున్నాడు. తోటి ఖైదీల సంకెళ్ళూ తెగాయి. అందరూ కలిసి కావలివాళ్ళను పట్టుకుని కోటను స్వాధీనం చేసుకున్నారు. పాపన్న పరుగున వచ్చేసరికి తన కోట మీద నుంచి తన ఫిరంగులే తన మీద పేలాయి. తలుపులు కాల్చి లోపలికి పోవాలని చూశాడు, కుదరలేదు. వెనుక నుంచి దిలావర్ ఖాన్ వచ్చాడు. పాపన్న తాటికొండకు పరుగెత్తాడు. పదేళ్ళ కిందట దోచిన సొమ్ముతో కట్టిన మొదటి గుట్టకే మళ్ళీ చేరాడు.

తాటికొండ ముట్టడి నెలల తరబడి సాగింది. మొదట వచ్చిన సైన్యం చాలక యూసుఫ్ ఖాన్ తానే దిగాడు. చుట్టుపక్కల జమీందార్ల మనుషులు కూడా వచ్చి చేరారు. అయినా గుట్ట లొంగలేదు. ఫిరంగులతో కానిది జీతంతో అయింది. కోట దిగివచ్చే వారికి రెట్టింపు జీతం ఇస్తామని యూసుఫ్ ఖాన్ చాటించాడు. ఆకలి, అలసట మీద ఉన్న మనుషులు ఒక్కొక్కరే దిగిపోయారు. దోపిడీ వాటా కోసం వచ్చినవాళ్ళు జీతం కోసం పోవడంలో వింత లేదు. మందుగుండు కూడా అయిపోయింది. 1710 మొదట్లో, గాయపడ్డ పాపన్న మారువేషంతో గుట్ట దిగి ఒంటరిగా తప్పించుకున్నాడు. రెండు రోజులు ఆచూకీ దొరకలేదు.

హసనాబాదు అనే ఊళ్ళో ఒక కల్లు దుకాణం ముందు ఆగాడు. దాహమై ఆగాడో, నా అనేవాడు ఉంటాడని ఆగాడో. కల్లు అడిగాడు. కల్లు పోసేవానికి ఆ మనిషి మాట తీరు చూసి అనుమానం వచ్చింది. పోల్చుకున్నాడు. మంచి కల్లు తెస్తానని చెప్పి కూర్చోబెట్టి బయటికి వెళ్ళాడు. పోయి చెప్పింది ఎవరికంటే ఆ బావమరిదికే. ఆయన మనుషులతో వచ్చి చుట్టుముట్టాడు. వేలమంది ఫౌజుకు చిక్కనివాడు తన కులవృత్తివాని దుకాణంలో, తన ఇంటి చుట్టరికం చేతికే దొరికిపోయాడు. పాడేవాళ్ళు కొందరు ఈ ఘట్టం పాడరు. శత్రువు చేతికి చిక్కక తన ప్రాణం తానే తీసుకున్నాడని ముగిస్తారు. అభిమానించిన వాణ్ణి అలా సాగనంపాలనుకోవడం సహజమే.

పట్టుబడ్డ పాపన్నను సొమ్ము ఎక్కడ దాచావని కొన్నిరోజులు విచారించారు. తరువాత చంపారు. తల నరికి పాదుషాకు పంపారు. మొండాన్ని హైదరాబాదు కోట దర్వాజాకు వేలాడదీశారు. వర్తకులకు బాట మీద ధైర్యం రావాలని, ఊళ్ళవాళ్ళకు భయం పుట్టాలని అలా చేశారు. మొదటిది ఎంతవరకు నెరవేరిందో గాని రెండవది నెరవేరలేదు. ఆ దర్వాజా కింద నడిచిపోయిన వాళ్ళే ఊళ్ళకు వెళ్ళి పాటలు కట్టి ఉంటారు.

అశోక్‌నగర్ గదిలో పిల్లలకు ఈ వివరాలన్నీ చెబితే వాదన తగ్గకపోగా పెరిగింది. రాజు అన్న కుర్రాడు ఖాజీ కూతురి సంగతి విని కొంచెంసేపు మాట్లాడలేదు. దొంగ అన్న కుర్రాడు బంజారా ఎద్దుల సంగతి విని నవ్వాడు, దర్బారు సంగతి విని లేచి నిలబడ్డాడు. ఆనాటి జమీందార్లు, సుబేదార్లు దోచింది దోపిడీ కాదా, శిస్తు పేరుతో తీసుకుంటే అది న్యాయమా అని మూడవవాడు అడిగాడు. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే నాలుగు జవాబుల్లో ఒకటే పెట్టాలి కదా అని నాలుగవవాడు దిగులుపడ్డాడు. రాత్రి పదిన్నర అయింది. ఇంటివాళ్ళు దీపాలు ఆర్పమని తలుపు కొట్టారు.

ఖిలాషాపూర్ కోటను చూడదలచినవారు రఘునాథపల్లి వరకు రైలులో గాని వరంగల్ రోడ్డు బస్సులో గాని వచ్చి అక్కడి నుంచి లోపలికి పోవాలి. బురుజులు ఊరి నడుమనే ఉంటాయి. తాటికొండ స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఉంది. ఉదయం బయలుదేరితే ఒకే రోజులో రెండూ చూసి రావచ్చు. తాటికొండ గుట్ట ఎక్కేవారు నీళ్ళు వెంట తీసుకుపోవడం మంచిది.